ముందు బరువు దించండి



తెల్లారేసరికి ఏ ఊళ్లోనైనా మనకు ఎదురయ్యే బండి మారుతి వ్యాను. బడిపిల్లల్ని ఎక్కించుకునేది అదే. పాల క్యాన్లు, పూలబుట్టలు, పెళ్లివారి వంటసామాను మోసేదీ అదే. 1984లో 796 సీసీ ఇంజనుతో అది మన రోడ్ల మీదికి వచ్చింది. అప్పట్లో దాని పేరు ఉత్త మారుతి వ్యానే. ఓమ్ని అన్న పేరు కొన్నేళ్లకు పెట్టారు. 2019లో దాని తయారీ ఆగిపోయింది. 2010 నుంచి వస్తున్న ఈకో ఇప్పుడు ఆ పని చేస్తోంది. ఇవాళ్టి నా మాటలు ఈ ఈకో గురించి. మట్టిదారి, కొండదారి, కాస్త ఇసుక, కాస్త బురద తట్టుకుంటూ, రాత్రి నడుం వాల్చడానికీ పనికొచ్చే ప్రయాణపు బండిగా దీన్ని తక్కువ ఖర్చులో ఎలా సిద్ధం చేసుకోవచ్చన్నది విషయం.

ఈ మాట అనగానే కుర్రవాళ్ల కళ్లముందు ఒక బొమ్మ మెదులుతుంది. ఎత్తు పెంచిన బండి, లావుపాటి టైర్లు, ముందు ఇనప బంపరు, పైన లైట్ల వరస, నెత్తిన గుడారం. ఆ బొమ్మలో ఉన్నవన్నీ బండికి తగిలించేవే. నేను చెప్పబోయేది దాదాపు దీనికి తలకిందులు. మామూలు వ్యానును దారి తప్పిన దారుల్లో నడిపించాలంటే ముందు దాని మీంచి ఏం దించాలో చూడాలి. తగిలించే సంగతి తర్వాత.

అసలు ఈకోనే ఎందుకంటారా? బొలెరో గట్టి బండి కదా, జిమ్నీకి నాలుగు చక్రాలూ లాగుతాయి కదా అంటారు. నిజమే. కానీ ధర చూడండి. పైగా ఆ బళ్లలో పడుకోవాలంటే మనిషి మడతపెట్టుకోవాలి. ఈకో చదరపు డబ్బా. పక్క తలుపులు జారుతాయి, ఇరుకు సందులో ఆపినా దిగొచ్చు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, లాగేది వెనక చక్రాలు. బరువు వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు భారం వెనక్కి వాలుతుంది కాబట్టి లాగే చక్రాలకు పట్టు పెరుగుతుంది. డార్జిలింగులోనూ గాంగ్‌టక్‌లోనూ ఏళ్ల తరబడి టాక్సీలుగా కొండలెక్కినవి ఈ మారుతి వ్యాన్లే. ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: దీని రిపేరు తెలిసిన మెకానిక్కు ప్రతి మండల కేంద్రంలోనూ ఉంటాడు. దూరాభారం వెళ్లే బండికి ఇంతకు మించిన అర్హత ఏముంది?

లోటు కూడా చెప్పాలి. జపాన్‌లో దీని చుట్టమైన సుజుకి ఎవ్రీకి ఫోర్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. మన ఈకోకు లేదు, మనం బిగించుకోగలిగిందీ కాదు. భద్రత మాటకొస్తే, 2016లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూసిన ఈకోకు పెద్దల భద్రతలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. అది ఎయిర్‌బ్యాగులు లేని పాత మోడల్. అందుకని పాత బండి కొంటే ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ ఉన్న తర్వాతి బండే చూడండి. ఓ యాభై వేలు ఎక్కువైనా సరే, ఆ డబ్బు మంచం మీదా లైట్ల మీదా పెట్టేదాని కంటే ఇక్కడ పెట్టడం మేలు. సీఎన్‌జీది వద్దు. ఆ సిలిండరు వెనక చోటంతా తినేస్తుంది, ఏజెన్సీ కొండల్లో ఆ గ్యాసు పోసేవాళ్లు ఉండరు. కార్గో అని సామాను బండి ఒకటుంది. అది సరుకు బండిగా రిజిస్టరై ఉంటుంది కాబట్టి వెనక మనుషులు ఎక్కకూడదు. అయిదు సీట్ల పెట్రోలు బండి, అంతే.

ఇప్పుడు బరువు లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. ఖాళీ ఈకో సుమారు 940 కిలోలు. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి మించకూడని మొత్తం బరువు సుమారు 1,500 కిలోలు. మీ బండి అసలు అంకె ఆర్సీలోనే ఉంటుంది, చూసుకోండి. అంటే మన చేతిలో ఉన్నది 550 కిలోల దాకా. అందులో నలుగురు ఎక్కితే 270, 280 పోయింది. ఇద్దరే అయితే 140. ఇద్దరికే లెక్క వేద్దాం, నాలుగు వందలు మిగిలాయనుకుందాం. చాలా ఉన్నాయనిపిస్తుంది.

మన వడ్రంగి దగ్గరికి వెళ్లి వ్యాన్లో మంచం, అరలు, వంట బల్ల చెయ్యమంటే అతను ఇంట్లో బీరువా చేసినట్టే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు తెప్పిస్తాడు. ఎనిమిది నాలుగడుగుల షీటు ఒక్కోటి 30 కిలోల పైమాటే. మూడు షీట్లు, మేకులు, మైకా, కీళ్లు కలిసి వంద కిలోలు. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలకు పైనే. పైన ఇనప క్యారియరు ఇంకో పాతిక. దాని మీద గుడారం, నీళ్ల ట్యాంకు. కింద మందపాటి ఇనప రేకు. ముందు బంపరు. బండి కదలకముందే నాలుగు వందల్లో పెద్ద భాగం అయిపోయింది, ఇంకా బియ్యం, పప్పు, బట్టలు ఎక్కలేదు. అప్పుడు స్ప్రింగులు కూచుంటాయి. కూచున్నాయని ఎత్తు పెంచాలనిపిస్తుంది. ఎత్తు పెంచాక బండి ఊగుతుంది. ఊగుతోందని షాకబ్జర్లు మార్చాలనిపిస్తుంది. జేబుకు చిల్లు ఇక్కడ మొదలై ఎక్కడా ఆగదు.

మన పల్లెల్లో నవారు మంచం అని ఒకటి ఉండేది, ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉంది. వ్యానుకు అంతకంటే మంచి పడక నేను చూడలేదు. అంగుళం చదరపు పైపు, 1.2 మిల్లీమీటర్ల మందంది తీసుకోండి. మీటరు కిలోకు కాస్త తక్కువే తూగుతుంది. పన్నెండు మీటర్లతో కాళ్లతో సహా చట్రం వస్తుంది. దానికి నైలాను నవారు అల్లించండి. మొత్తం పదిహేను కిలోలు దాటదు. కింద పెట్టెలు పడతాయి, వీపు కింద గాలి ఆడుతుంది. మన ఎండలకు రబ్బరు పరుపు మీద పడుకుని చెమటలో తడవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కొలత మాత్రం మీ మనిషి పొడవు, మీ బండి లోపలి పొడవు టేపుతో చూసుకుని చేయించండి. పుస్తకంలో ఉండే అంకె నమ్మొద్దు. చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ చూడాలి. నీళ్ల క్యాన్లు, పనిముట్ల పెట్టె లాంటివి నేలకు ఆనించి, వెనక ఇరుసుకు కాస్త ముందు పెట్టండి. రెండు ఇరవై లీటర్ల క్యాన్లంటే నలభై కిలోలు. అవి అక్కడుంటే వెనక చక్రాలకు పట్టు, పైకప్పు మీదుంటే మలుపులో బోర్లా పడే ప్రమాదం. సన్నగా, ఎత్తుగా ఉండే బండి ఇది. నెత్తిన ఏదైనా పెట్టి తీరాలంటే పరుపులు, దుప్పట్లలాంటి తేలికవి పెట్టండి.

ఎత్తు పెంచడం గురించి ఎంత చెప్పినా వినేవాళ్లు తక్కువ గనక కాస్త నిదానంగా చెబుతాను. ఈకోకు కింద నేల నుంచి ఉండే ఎత్తు 160 మిల్లీమీటర్లు. అది తక్కువే. స్ప్రింగు కింద రబ్బరు ప్యాకింగు పెడితే, లేదా పొడుగు స్ప్రింగు వేస్తే, బండి రెండంగుళాలు లేచినట్టు కనిపిస్తుంది. లేచింది శరీరం. వెనక ఇరుసు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి కడ్డీ. దాని నడుమ డిఫరెన్షియల్ ఉబ్బెత్తుగా వేలాడుతుంది. దారిలో రాయికి తగిలేది ఎక్కువగా అదే. స్ప్రింగు ఎంత పెంచినా ఆ ఇరుసు అంగుళం కూడా లేవదు, ఎందుకంటే అది కూచున్నది చక్రాల మీద, స్ప్రింగుల మీద కాదు. పంచె ఎగ్గట్టినంత మాత్రాన పాదాలు బురదలోంచి బయటికి రావు కదా. ఇరుసు లేవాలంటే టైరు పెద్దది కావాలి. అది కూడా టైరు వ్యాసం ఇరవై మిల్లీమీటర్లు పెరిగితే కింద వచ్చేది పది మాత్రమే. టైరు పెరిగిన కొద్దీ గేర్లు బరువవుతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేటు కాలుతుంది, స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, స్టీరింగు తిప్పితే టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటుంది.

ఇన్ని కష్టాలు పడి పది మిల్లీమీటర్లు సంపాదించే బదులు, బండిలోంచి వంద కిలోలు దించితే కుంగిన స్ప్రింగు తనంతట తానే లేస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. స్ప్రింగులు పాతబడి కుంగిపోయి ఉంటే మాత్రం కంపెనీవే కొత్తవి వేయించండి, షాకబ్జర్లు కారుతుంటే మార్చండి, కింద రబ్బరు బుష్షులన్నీ మార్పించండి. ఆటోనగర్‌లో ఒక పూట పని. ఎవరికీ ఫొటో తీసి చూపించుకోలేని పని ఇది, అందుకే ఎవరూ చేయించరు.

టైర్ల విషయానికొస్తే, ఈకోకు వచ్చేది 13 అంగుళాల రిమ్ము, 155 వెడల్పు, పక్కన ఎల్‌టీ అన్న అక్షరాలు ఉంటాయి. అంటే తేలికపాటి సరుకు బండి టైరు, పక్కగోడలు గట్టివి. కొందరు అందం కోసం కారు టైర్లు వేయిస్తారు. రాళ్ల దారిలో వాటి పక్కగోడ చీరుతుంది, చీరితే పంక్చరు షాపువాడు ఏమీ చెయ్యలేడు. ఎల్‌టీ టైరే ఉంచండి, గాడి లోతుగా ఉన్న నమూనా ఎంచుకోండి. ఒకటికి రెండు స్టెప్నీలు మొయ్యాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఒక స్టెప్నీ, ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్గులు పెట్టే కిట్టు, బ్యాటరీ నుంచి నడిచే చిన్న గాలి పంపు, గాలి కొలిచే గేజీ చాలు.

ఆ చివరి రెండూ నా లెక్కలో మొత్తం సరంజామాలోకెల్లా విలువైనవి. ఇసుకలో దిగబడిన బండిని చూడండి. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతాడు, చక్రం గిర్రున తిరుగుతుంది, తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. దిగబడక ముందే ఆపి, ముప్పై దాకా ఉన్న గాలిని పద్దెనిమిది, ఇరవై పౌండ్లకు దించితే టైరు పొడవునా పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ నేల మీద పడుతుంది కాబట్టి తక్కువ దిగుతుంది. గోదావరి తిన్నెల మీదా, ఏటి ఇసుకలోనూ మామూలు కార్లు ఇలాగే దాటతాయి. అప్పుడు వేగం పాతిక దాటకూడదు, ఒక్కసారిగా స్టీరింగు తిప్పకూడదు, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపుకోవాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. సముద్రపు ఇసుక మీద మాత్రం బండి దించకండి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక కింద గూడు ఎక్కడుందో మీకు కనపడదు.

ఇంకో చిన్న చిట్కా. రెండు వెనక చక్రాల్లో ఒకటి గాలిలో తేలినా, బురదలో జారినా, డిఫరెన్షియల్ శక్తినంతా దానికే పంపి వృథా చేస్తుంది. రెండోది గట్టినేల మీద ఉండి కూడా కదలదు. అప్పుడు హ్యాండు బ్రేకును రెండు మూడు నొక్కుల దాకా లాగి పట్టుకుని, ఫస్టు గేరులో మెల్లగా క్లచ్ వదలండి. హ్యాండు బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి ఊరికే తిరిగే చక్రం కాస్త బిగుస్తుంది, పట్టున్న చక్రానికి బలం వెళ్తుంది. ప్రతిసారీ పని చేస్తుందని చెప్పను. చేసినప్పుడు మాత్రం ట్రాక్టరు ఖర్చు మిగులుతుంది. చెయ్యకపోతే ట్రాక్టరే గతి. మన పల్లెల్లో అది దొరకని చోటు తక్కువ. ఒక గట్టి తాడు, పార, రెండు గోనెసంచులు, జాకీ కింద పెట్టుకోవడానికి ఒక చెక్కపీట మీ దగ్గర ఉండాలి. చక్రాల కింద తాటిమట్టలు పరిచి బండ్లు బయటికి లాగడం మన రైతులకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

బురదకూ బురదకూ తేడా ఉంది. ఎర్రనేల తడిస్తే జారుతుంది, కానీ కింద గట్టిగా ఉంటుంది. నల్లరేగడి అలా కాదు. ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, టైరు గాడులన్నీ నిండిపోతాయి, చక్రం నున్నటి గుండులా తయారవుతుంది. మడ్‌గార్డులోపల పేరుకుని చక్రాన్నే పట్టేస్తుంది. కర్నూలు, ఆదిలాబాద్ వైపు పొలం బాటల్లో వాన పడిన పూట నాలుగు చక్రాలూ లాగే బండి కూడా నిలబడిపోతుంది. అక్కడ ఏ మార్పూ పని చెయ్యదు. బండి ఆపి టీ పెట్టుకోండి. మంచి ఎండ కాస్తే మర్నాటికి పైపొర ఆరుతుంది. ఎండే మీ ఫోర్ వీల్ డ్రైవ్.

నీళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. మారేడుమిల్లి, చింతూరు వైపు వానాకాలంలో వాగులు చప్టాల మీదుగా పారుతుంటాయి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. మన వ్యాను పొడవు 3.7 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు మీటరున్నరకు కాస్త తక్కువ. గుణిస్తే దాదాపు అయిదున్నర చదరపు మీటర్లు. అంటే బండి అడుగు నీళ్లలో ఒక్క సెంటీమీటరు మునిగితే సుమారు 54 కిలోల బరువును నీరు ఎత్తుతుంది. ఇద్దరు మనుషులు, సామానుతో 1,200 కిలోలున్న బండి ఇరవై రెండు సెంటీమీటర్లు మునిగితే తేలిపోతుంది. ఇరవై రెండు సెంటీమీటర్లంటే జానెడు. నీరు అడుగును తాకాక జానెడు. లోపలికి నీళ్లు కారతాయి గనక లెక్క కాస్త అటూ ఇటూ కావచ్చు. కానీ తేలడం దాకా కూడా అక్కర్లేదు, సగం బరువు నీరు మోస్తే టైర్లకు సగం పట్టే మిగులుతుంది, పక్కనుంచి వచ్చే తోపుకు అది చాలదు. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే సిలిండరులో నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజను బాగు చేయించడానికి బండి ధరలో పెద్ద భాగం పోతుంది.

అందుకని నిలకడగా ఉన్న నీళ్లే అయినా ముందు మనిషి కర్రతో దిగి నడవాలి. చక్రం నడిమి బొడ్డు దాటి నీళ్లుంటే వద్దు. పారే నీళ్లు అయితే మోకాలు కాదు, పిక్క దాకా ఉన్నా వద్దు. బస్సు వెళ్లింది కదా అని వెనకాలే వెళ్లకండి. బస్సు బరువు వేరు, మన బరువు వేరు. బరువు దించమని ఇంతసేపు చెప్పిన నేనే అంటున్నాను, తేలిక బండికి ఉన్న నష్టం ఇదొక్కటే.

కింద రక్షణకు ఇంజను గార్డు వేయించుకోవచ్చు. మూడు మిల్లీమీటర్ల ఇనప రేకు చదరపు మీటరుకు ఇరవై మూడున్నర కిలోలు తూగుతుంది, అర చదరపు మీటరు చాలు కాబట్టి పన్నెండు కిలోలు. రేకుకు ఆయిల్ తీసే రంధ్రం, గాలి వెళ్లే చీలికలు పెట్టమనండి. లేకపోతే మన వేసవిలో ఇంజను ఉడికిపోతుంది. దాన్ని చట్రానికి ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించాలి, వెల్డింగు చెయ్యకూడదు.

వెల్డింగు మాట వచ్చింది గనక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో 182-ఎ సెక్షను వచ్చింది: అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు ఇనప బంపర్లు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అద్దాలకు నల్ల ఫిల్ము 2012 నుంచీ సుప్రీంకోర్టు నిషేధమే. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే ప్రమాదం జరిగిన రోజు ఆ మార్పే వాళ్లకు సాకవుతుంది.

దీనికి భయపడి మానుకోమని కాదు. సీట్లు పీకేసి నేలకు మంచం వెల్డింగు చేస్తే అది మార్పు. విడదీసి తీసేయగలిగే నవారు చట్రం, బెల్టులతో బిగించిన పెట్టెలు సామాను కిందికి వస్తాయి. ఆదివారం పెట్టుకుంటారు, సోమవారం తీసి పిల్లల్ని బడికి దింపుతారు. బీద మధ్యతరగతి బండికి ఇదే అసలైన సుఖం. బెల్టులు మాత్రం గట్టివి వాడండి. బ్రేకు పడినప్పుడు వదులుగా ఉన్న ఇరవై కిలోల క్యాను ముందు సీటులో ఉన్నవాళ్ల మెడ మీదికి వస్తుంది. బండి నడిచేటప్పుడు మనుషులు సీట్లలోనే, బెల్టు పెట్టుకునే కూచోవాలి. మంచం ఆగినప్పుడే.

కరెంటు గురించి రెండు ముక్కలు. ఫ్రిజ్జు పెట్టాలనుకోకపోతే మిగతావి చాలా తేలిక. ఇరవై వాట్ల పన్నెండు వోల్టుల ఫ్యాను రాత్రంతా పది గంటలు తిరిగితే రెండు వందల వాట్ అవర్లు, ఒక ఎల్ఈడీ దీపం, రెండు ఫోన్లు కలిపి ఇంకో యాభై. ముప్పై ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ సరిపోతుంది, మూడు నాలుగు కిలోలుంటుంది. దానికి తగిన ఫ్యూజు, మందమైన తీగ ఉండాలి. బండి అసలు వైరింగును కోయించకండి. కొత్త బళ్లలో చాలా తీగలు కంప్యూటరుకే పోతాయి, కోస్తే ఇంజను లైటు వెలగొచ్చు. ఫ్రిజ్జు కావాలంటే ఖర్చూ బరువూ మూడింతలు. మజ్జిగ కుండలో చల్లగానే ఉంటుంది.

పడుకునేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకోవద్దు. లోపల పొయ్యి వెలిగించొద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరింది. దానికి వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రెండు అద్దాలు నాలుగు వేళ్లు దించి దోమతెర కట్టుకోండి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఇంకా ఉంది, తెర వదలకండి. ఎండాకాలం తెల్లరంగు పైకప్పు చాలా ఆదుకుంటుంది. కొనేటప్పుడే తెల్లబండి చూసుకుంటే పని తీరిపోతుంది.

ఎక్కడ ఆపాలి? ఊరి బయట చీకట్లో కాదు. బడి ఆవరణలోనో, గుడి దగ్గరో, పెట్రోలు బంకులోనో అడిగి ఆపుకోండి. "అన్నా, రాత్రికి ఇక్కడ బండి పెట్టుకోవచ్చా" అంటే మన పల్లెల్లో కాదనేవాళ్లు అరుదు. ఊరివాళ్లు ముందుదారి కూడా చెబుతారు. దారి సంగతులు ఇలా అడిగి తెలుసుకోవడం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి భూమార్గాన బయలుదేరి, 1831లో తిరిగి వచ్చారు. ఆయన మజిలీ మజిలీకి దారి ఎలా ఉంది, నీళ్లున్నాయా, దుకాణాలున్నాయా అని రాసిపెట్టుకున్నారు. ఫోనులో మ్యాపు చూసి బయలుదేరే మనకు ఆ అలవాటు తప్పింది. మ్యాపుకు రాత్రి పడిన వాన తెలియదు, మేకలకాపరికి తెలుసు.

రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. అడవి ప్రాణులకు ఆ తొమ్మిది గంటలైనా వదలాలి. కచ్చా దారి కనపడింది కదా అని లోపలికి తిప్పడం సాహసం అనిపించుకోదు.

చివరగా ఒక మనవి. ఈ నెలలో బండి కోసం ఏదీ కొనకండి. మీ ఊరికి దగ్గర్లో ధాన్యం లారీలు తూచే వే బ్రిడ్జి ఉంటుంది. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, ప్రయాణానికి వెళ్లేవాళ్లంతా ఎక్కి, పట్టుకెళ్లాలనుకున్నవన్నీ సర్దుకుని, బండిని దాని మీదికి ఎక్కించండి. చీటీ మీద వచ్చిన అంకెను ఆర్సీలో ఉన్న మొత్తం బరువుతో పోల్చి చూడండి. తర్వాత ముందు చక్రాలు కిందికి దింపి వెనక చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఇంకోసారి తూయించండి, భారం ఎటు ఉందో తెలుస్తుంది. రెండు చీటీలూ డాష్‌బోర్డులో దాచుకుని, దుకాణానికి వెళ్లినప్పుడు వాటిని చూసి కొనండి.